స్క్వాట్ పెరుగుతుంది, ప్రెస్ మొరాయిస్తుంది: కొత్తగా బరువులెత్తేవాళ్లలో కాళ్ల బలం, భుజాల బలం

జిమ్‌లో చేరి మూడు నెలలు క్రమం తప్పకుండా చేసిన 70 కిలోల కుర్రాడి నోట్‌బుక్ తెరిస్తే అంకెలు అటూ ఇటూగా ఇలా ఉంటాయి: రాడ్ భుజాల మీద పెట్టుకుని కిందికి కూర్చుని లేచే స్క్వాట్ 75 కిలోలు, నేల మీది రాడ్‌ను నిలబడేదాకా ఎత్తే డెడ్‌లిఫ్ట్ 90, బల్ల మీద పడుకుని ఛాతీ మీది నుంచి నెట్టే బెంచ్ ప్రెస్ 50, నిలబడి తలపైకి నెట్టే ఓవర్‌హెడ్ ప్రెస్ 30. అన్నీ ఐదేసి రెప్స్‌కు, అంటే వరసగా ఐదేసి సార్లు. మొదటి రెండూ వారం వారం పెరుగుతూనే ఉంటాయి. చివరిది నెల రోజులుగా అక్కడే మొరాయిస్తుంటుంది. దాన్ని చూసి కంగారుపడి తీసుకునే నిర్ణయాలే అసలు నష్టం చేస్తాయి. భుజాలు బలహీనమని తేల్చేసి వారంలో మూడు రోజులు వాటికే రాసివ్వడం, కాళ్లు ఎలాగూ బాగున్నాయి కదా అని స్క్వాట్ మానేయడం, ప్రొటీన్ పౌడర్ డబ్బా మార్చడం. నిజానికి ఆ నోట్‌బుక్‌లో జబ్బేమీ లేదు. రెండు లిఫ్ట్‌లకూ ఒకే కొలబద్ద పెట్టడంలోనే తప్పుంది.

కింది భాగం ముందుండటానికి మొదటి కారణం కండ పరిమాణం. పిరుదు కండరం ఒంట్లోకెల్లా పెద్దది. తొడ ముందు భాగంలోని నాలుగు కండరాల గుంపు దానికి తోడు, వెనక హామ్‌స్ట్రింగ్స్ ఇంకో తోడు. భుజం దగ్గరికొస్తే డెల్టాయిడ్, చేతి వెనక ట్రైసెప్స్, ఛాతీ పైభాగం కలిసినా ఆ పరిమాణంలో చిన్న వాటానే. రెండో కారణం కీలు. తుంటి దగ్గర తొడ ఎముక గుండు లోతైన గుంటలో కూర్చుంటుంది. భుజంలో గుండు పెద్దది, గుంట లోతు తక్కువ. చెయ్యి అన్ని వైపులా తిరగాలంటే అలాగే ఉండాలి మరి. అలా ఉన్నందుకు గుండును స్థానంలో నిలిపి ఉంచే పని రొటేటర్ కఫ్ అనే నాలుగు చిన్న కండరాల మీద పడుతుంది. బరువు తల మీద ఉన్నప్పుడు నెట్టే పెద్ద కండరాలకంటే ముందు ఇవే అలిసిపోయే సందర్భాలు కొత్తవాళ్లలో చాలా ఉంటాయి.

మూడోది రోజువారీ పని. మెట్లెక్కేటప్పుడు ప్రతి మెట్టు దగ్గరా ఒక కాలు దాదాపు ఒంటి బరువంతా మోస్తుంది. నేల మీద కూర్చుని లేవడం, బిందె ఎత్తుకోవడం, బియ్యం మూట భుజానికెత్తడం, ఇవన్నీ కాళ్లకు చిన్ననాటి నుంచి అందుతున్న శిక్షణే. తలకంటే పైకి బరువు నెట్టే పని మాత్రం ఏడాదికి ఒకటి రెండుసార్లు అటక మీదికి సామాను ఎక్కించేటప్పుడు తప్ప రాదు. అందుకే ఎప్పుడూ జిమ్ ముఖం చూడనివాళ్లు కూడా కాళ్ల విషయంలో నిజమైన కొత్తవాళ్లు కారు. భుజాల విషయంలోనే కొత్తవాళ్లు.

ఇక అంకెల్లో కనపడని బరువు ఒకటుంది. స్క్వాట్‌లో లేచేది రాడ్ ఒక్కటే కాదు, మోకాళ్లకు పైనున్న ఒళ్లంతా లేస్తుంది. మోకాలి కింది భాగాలు, పాదాలు తీసేస్తే మిగిలేది ఒంటి బరువులో సుమారు 88 శాతం. 70 కిలోల మనిషికి అది 61, 62 కిలోలు. అంటే 60 కిలోల రాడ్‌తో స్క్వాట్ చేసేవాడి కాళ్లు నిజంగా ఎత్తుతున్నది 120 పైచిలుకు. ఓవర్‌హెడ్ ప్రెస్‌లో రాడ్‌తోపాటు కదిలేవి చేతులే. రెండు చేతులూ కలిపి ఒంటి బరువులో పదో వంతు, అంటే 7 కిలోలు. 30 కిలోల ప్రెస్ నిజానికి 37.

ఈ రెండు అంకెలకూ చెరో 5 కిలోలు కలిపి చూస్తే సంగతి తేలిపోతుంది. స్క్వాట్‌లో 122 మీద 5 అంటే 4 శాతం. ప్రెస్‌లో 37 మీద 5 అంటే పదమూడున్నర శాతం. ఒకే జత ప్లేట్లు, పెంపు మాత్రం మూడు రెట్లకు పైగా తేడా. స్క్వాట్‌లో ఒక్కసారిగా 16 కిలోలు పెంచమంటే ఎవరైనా నవ్వుతారు. ప్రెస్‌లో ప్రతిసారీ చేస్తున్నది అదే.

ఆడవాళ్ల విషయంలో ఈ తేడా ఇంకా ఎక్కువ

1993లో అచ్చైన, తరచూ ఉదహరించే ఒక అధ్యయనంలో ఆడవాళ్ల పైభాగం బలం మగవాళ్ల బలంలో 52 శాతం, కింది భాగం బలం 66 శాతం అని తేలింది. 2000 సంవత్సరంలో 468 మంది ఒంట్లో కండను ఎంఆర్ఐతో కొలిచిన ఇంకో అధ్యయనం కారణం చూపించింది. మగవాళ్లకు సగటున 33 కిలోల కండ, ఆడవాళ్లకు 21. ఆ తేడా పైభాగంలో 40 శాతం, కింది భాగంలో 33 శాతం. కాళ్లలో దూరం తక్కువ, చేతుల్లో ఎక్కువ. యుక్తవయసు రాకముందు పిల్లల్లో ఈ తేడా అంతగా ఉండదు. ఆ తర్వాత మగపిల్లల్లో టెస్టోస్టిరాన్ పెరిగి భుజాలు, ఛాతీ విస్తరించడంతో బయటపడుతుంది.

ఇది ఇక్కడితో ఆపేస్తే సగం సంగతే చెప్పినట్టు. 2020లో అనేక శిక్షణ ప్రయోగాలను కలిపి చూసిన విశ్లేషణలో, శాతం లెక్కన కాళ్ల బలం ఇద్దరిలోనూ సమానంగా పెరుగుతుందనీ, పైభాగం బలం ఆడవాళ్లలోనే ఎక్కువ శాతం పెరుగుతుందనీ వచ్చింది. మొదలుపెట్టే చోటు కింద ఉంది, పెరిగే వేగానికి లోటు లేదు. "ఆడవాళ్లకు చేతులు రావు, కాళ్లు చేసుకుంటే చాలు" అని కార్డియో, లెగ్స్ రాసిచ్చి పంపేసే ట్రైనర్లు, సరిగ్గా ఎక్కువ లాభం వచ్చే చోటునే వదిలేయిస్తున్నారు. చేతులకు బరువులు పట్టుకుంటే మగవాళ్లలా కండలు తిరుగుతాయన్న భయానికి పై అంకెల్లోనే జవాబుంది.

ఆచరణలో వచ్చే మొదటి అడ్డంకి రాడ్. పురుషుల ఒలింపిక్ బార్ 20 కిలోలు, మందం 28 మిల్లీమీటర్లు. మహిళల బార్ 15 కిలోలు, 25 మిల్లీమీటర్లు. చాలా జిమ్‌లలో రెండోది ఉండదు. 50 కిలోల అమ్మాయికి ఖాళీ 20 కిలోల బార్ తలపైకి నెట్టడమంటే తన బరువులో 40 శాతం. అదే నిష్పత్తిలో చూస్తే 70 కిలోల కుర్రాడిని తొలిరోజే 28 కిలోలు నెట్టమన్నట్టు. మొదటి రోజే ఖాళీ రాడ్ కూడా లేవలేదని మనసు విరిగిపోవాల్సిన అవసరం లేదు. చేతికి 4, 5 కిలోల డంబెల్స్‌తో కూర్చుని కాకుండా నిలబడే మొదలుపెట్టి, చేతికి ఏడున్నర కిలోలతో పదేసి రెప్స్ మూడు సెట్లు వచ్చాక 15 కిలోల రాడ్‌కు మారితే సరిపోతుంది. అదే అమ్మాయి అదే రోజు 20 కిలోల బార్‌తో స్క్వాట్ ఏ ఇబ్బందీ లేకుండా చేస్తుంది. ఒకే మనిషి ఒకే రోజు ఒక లిఫ్ట్ డంబెల్స్‌తో, ఇంకోటి బార్‌తో చేయడం వింతేమీ కాదు.

ప్లేట్ల దగ్గర లెక్క

ఈ మొత్తం వ్యవహారంలో ఎక్కువ మేలు చేసేది అన్నిటికంటే చౌక వస్తువు: చిన్న ప్లేట్లు. చాలా జిమ్‌లలో అన్నిటికంటే చిన్న ప్లేట్ 2.5 కిలోలది. రెండు వైపులా వేస్తే కనీస పెంపు 5 కిలోలు. 1.25 కిలోల జత ఉంటే పెంపు 2.5కి దిగుతుంది. అరకిలో ప్లేట్ల జత కొని బ్యాగులో వేసుకుంటే 1 కిలో. ప్లేట్లు దొరక్కపోతే అరకిలో రిస్ట్ వెయిట్లను రాడ్ రెండు చివర్లకూ చుట్టి వెల్‌క్రో బిగించినా పని జరుగుతుంది. రెండు వైపులా బరువు సమానంగా ఉండాలి, బయటి నుంచి క్లిప్ పడాలి, అంతే.

అంతకంటే ముందు రాడ్ బరువు తెలియాలి. వీధి చివరి జిమ్‌లలో ఉండే 5, 6 అడుగుల సాదా రాడ్లు 20 కిలోలు ఉండవు. ఏడెనిమిది నుంచి పది, పన్నెండు దాకా ఏదైనా కావచ్చు. ఒంటి బరువు చూసుకునే మెషీన్ మీద ఒకసారి ఖాళీ చేతులతో, ఒకసారి రాడ్ పట్టుకుని నిలబడితే తేడా తెలుస్తుంది. రాడ్ మీద చిన్న టేపు ముక్క అంటించి అంకె రాస్తే తర్వాత వచ్చేవాళ్లకూ పుణ్యమే. నిన్న 20 కిలోల బార్‌తో, ఇవాళ 9 కిలోల రాడ్‌తో చేసి "ప్రెస్ ఒక్కరోజులో పెరిగిపోయింది" అని రాసుకున్న నోట్‌బుక్‌లు తక్కువేమీ లేవు.

పెంపు లెక్క ఇలా ఉంటే మంచిది. డెడ్‌లిఫ్ట్‌కు మొదటి నెలన్నర ప్రతిసారీ 5 కిలోలు. స్క్వాట్‌కు మొదటి రెండు మూడు వారాలు 5, తర్వాత 2.5. బెంచ్‌కు 2.5. ప్రెస్‌కు మొదటి కొద్ది రోజులు 2.5, ఆ తర్వాత 1 కిలో. 55 కిలోల లోపు ఆడవాళ్లకు వీటిలో సగం తీసుకుంటే సరి.

చిన్న ప్లేట్లు లేనే లేవు, జిమ్ యజమాని తెప్పించడు. అప్పుడు బరువుకు బదులు రెప్స్ పెంచాలి. ఇక్కడ కూడా చాలామంది ఒక మెట్టు తప్పుతారు. 30 కిలోలతో 8 రెప్స్ వచ్చేసరికి 35కు వెళ్లి 5 వస్తాయని ఆశపడతారు, 3 దగ్గర ఆగిపోతారు, మళ్లీ 30కి వస్తారు. ఎందుకు ఆగిందో చిన్న లెక్క చెబుతుంది. ఒక్క రెప్‌కు ఎంత ఎత్తగలరో అంచనా వేయడానికి జిమ్‌లలో వాడే ఎప్లీ సూత్రం ప్రకారం, రెప్స్‌ను 30తో భాగించి, దానికి 1 కలిపి, ఎత్తిన బరువుతో గుణించాలి. 30 కిలోలు 8 సార్లు అంటే అంచనా 38. 35 కిలోలు 5 సార్లు అంటే దాదాపు 41. మూడు కిలోల బలం ఇంకా రాలేదన్నమాట. 30తో 11 రెప్స్ వస్తేనే అంచనా 41 అవుతుంది. కాబట్టి పెంపు 5 కిలోలే అయినప్పుడు 30తో 11 దాకా ఆగాలి, లేదా 35తో 3 రెప్స్ సెట్లు నాలుగైదు చేసి అక్కడి నుంచి 5కు ఎక్కాలి. పెంపు 2.5 అయితే 32.5 కిలోలు 5 సార్లు అన్నా అంచనా 38కి ఒక పిసరు తక్కువే, అంటే 8 రెప్స్ సరిపోతాయి. 1.25 ప్లేట్ల జత ఎన్ని వారాలు మిగులుస్తుందో ఇందులోనే తెలుస్తుంది.

స్క్వాట్‌కు ఈ తంటా చాలాకాలం రాదు. 75 కిలోలు 5 సార్లు చేసినవాడి అంచనా 87.5. 80 కిలోలు 5 సార్లకు కావలసింది 93. దూరం దాదాపు 7 శాతం. ప్రెస్‌లో 30 నుంచి 35కు వెళ్లేటప్పుడు అదే దూరం దాదాపు 17 శాతం.

సెట్ల మధ్య విరామంలోనూ పైభాగానికి అన్యాయం జరుగుతుంటుంది. స్క్వాట్ తర్వాత ఆయాసం వస్తుంది కాబట్టి మూడు నాలుగు నిమిషాలు కూర్చుంటారు. ప్రెస్ తర్వాత ఆయాసం ఉండదు కాబట్టి నిమిషంలోనే మళ్లీ రాడ్ పట్టుకుంటారు. భుజం కండరాలకు ఊపిరితో సంబంధం లేదు, వాటికీ మూడు నిమిషాలు కావాలి. నోట్‌బుక్ చూసి కనిపెట్టవచ్చు కూడా. మూడు సెట్లలో 5, 5, 3 అని ఉంటే ముందు అనుమానించాల్సింది విరామాన్ని. 4, 3, 3 అని ఉంటే బరువే ఎక్కువైంది. అలా మూడు రోజులు వరసగా వస్తే పదో వంతు తగ్గించి మళ్లీ ఎక్కాలి.

అబద్ధమాడే అంకెలు

పై, కింది భాగాల మధ్య తేడా నిజంగా ఎంతో చెప్పాలంటే రెండు అంకెలూ నిజమైనవి కావాలి. కాళ్ల వైపు అబద్ధం ఎక్కువగా లోతు దగ్గర మొదలవుతుంది. తుంటి మడత మోకాలి పైభాగం కంటే కిందికి దిగితేనే పూర్తి స్క్వాట్. అంతకు ఒక జానెడు పైనే లేచిపోతే బరువు ఎంతైనా ఎక్కించవచ్చు. తొడ కండరాలకు కష్టమైన భాగం కిందే ఉంది. సెల్‌ఫోన్‌ను పక్క నుంచి, తుంటి ఎత్తులో పెట్టి వీడియో తీసుకుంటే వాదన అవసరం ఉండదు. ముందు నుంచి తీసిన వీడియోలో లోతు తెలియదు.

కింద కూర్చోవడం మన దగ్గర చాలామందికి సహజంగా వచ్చేది. మడమలు నేలకు ఆనించి గొంతుక్కూర్చోవడం పల్లెలో పెరిగినవాళ్లకు కొత్త కాదు. చిన్నప్పటి నుంచి కుర్చీలకూ కమోడ్‌కూ అలవాటుపడినవాళ్లకు చీలమండ ముందుకు వంగక మడమలు లేస్తాయి. వాళ్లు కొంతకాలం మడమల కింద 1.25 కిలోల ప్లేట్లు పెట్టుకుని చేయవచ్చు, లేదా డంబెల్‌ను ఛాతీ దగ్గర పట్టుకుని గాబ్లెట్ స్క్వాట్‌తో మొదలుపెట్టవచ్చు.

రెండో అబద్ధం లెగ్ ప్రెస్. 45 డిగ్రీల వాలులో జారే బండి మీద 100 కిలోలు వేస్తే వాలు వెంట కాళ్ల మీద పడేది ఆ బరువులో సుమారు 70 శాతమే. బండి సొంత బరువు దానికి తోడవుతుంది గానీ ఒంటి బరువు లెక్కలోకి రాదు, నడుము నిలబెట్టే పనీ ఉండదు. "లెగ్ ప్రెస్ 200, బెంచ్ 40, ఇంత తేడానా" అని బెంగపడేవాళ్లు రెండు వేర్వేరు సంగతులను పోలుస్తున్నారు. రాడ్ నిలువు పట్టాల వెంట జారే స్మిత్ మెషీన్ కూడా ఇంతే. కొన్నింట్లో బార్ బరువును కప్పీలు సగానికి పైగా మోస్తాయి.

పైభాగంలో అబద్ధం నడుము దగ్గర మొదలవుతుంది. ప్రెస్ బరువెక్కగానే ఛాతీ ఆకాశం వైపు తిరుగుతుంది, నడుము విల్లులా వంగుతుంది, భుజాల పనిని ఛాతీ పైభాగం అందుకుంటుంది. వాలు బల్ల మీద చేసే ఇన్‌క్లైన్ బెంచ్ ప్రెస్‌ను నిలబడి చేస్తున్నట్టే అది. దీని గొప్ప ఉదాహరణ ఒలింపిక్స్‌లోనే ఉంది. 1972 మ్యూనిక్ దాకా వెయిట్‌లిఫ్టింగ్‌లో మూడు లిఫ్ట్‌లుండేవి: ప్రెస్, స్నాచ్, క్లీన్ అండ్ జర్క్. స్నాచ్ అంటే రాడ్‌ను నేల నుంచి ఒకే ఊపులో తలపైకి ఎత్తడం, క్లీన్ అండ్ జర్క్ అంటే ముందు భుజాల దాకా, అక్కడి నుంచి తలపైకి ఎత్తడం, ప్రెస్ అంటే కాళ్లు కదపకుండా చేతులతో నెట్టడం. జర్క్‌లో కాళ్ల తోపు ఉంటుంది కాబట్టి దాని అంకె పెద్దదిగా ఉండాలి. మ్యూనిక్‌లో సూపర్ హెవీవెయిట్ బంగారు పతకం గెలిచిన సోవియట్ లిఫ్టర్ వాసిలీ అలెక్సేయెవ్ ప్రెస్ 235 కిలోలు, క్లీన్ అండ్ జర్క్ 230. ప్రెస్సే ఎక్కువ! ఆయన భుజాలు అసాధారణమైనవే, సందేహం లేదు. కానీ అప్పటికి ప్రెస్ అనేది వెనక్కి వాలి, తుంటి ఊపుతో ఒళ్లంతా ఉపయోగించే లిఫ్ట్‌గా మారిపోయింది. ఎక్కడ తప్పు పట్టాలో జడ్జీలకు తెలియని పరిస్థితి వచ్చింది. ఆ ఒలింపిక్స్ తర్వాత ప్రెస్‌ను పోటీల్లోంచి తీసేశారు.

ఒలింపిక్ విజేతకు చెల్లింది కొత్తవాడి నడుముకు చెల్లదు. పిరుదులు బిగించి, పక్కటెముకలు కిందికి దించి, మోచేతులు రాడ్‌కు పిసరంత ముందుగా, ముంజేతులు నిట్టనిలువుగా ఉంచి మొదలుపెట్టాలి. రాడ్ ముఖం చుట్టూ తిరిగి వెళ్లకూడదు. ముఖమే కాస్త వెనక్కి తప్పుకుని, రాడ్ నుదురు దాటగానే తల మళ్లీ దాని కిందికి రావాలి. కొత్తవాళ్ల రాడ్ ఎక్కువగా ఆగేది సరిగ్గా ఆ నుదుటి ఎత్తులోనే. భుజం మొదటి తోపు అయిపోయి ట్రైసెప్స్ ఇంకా అందుకోని చోటు అది. రాడ్ ముందుకు పోయి ఉంటే అక్కడ ఇక లేవదు. కాబట్టి ఆగినప్పుడు బలం చాలలేదని రాసుకునే ముందు, పక్క నుంచి తీసిన వీడియోలో రాడ్ పాదం మధ్య భాగానికి పైనే ఉందా, కాలివేళ్ల పైకి పోయిందా చూడాలి. వేళ్ల పైకి పోతే 2 కిలోల తేడా అక్కడే పోయింది.

పై భాగం, కింది భాగం అన్న గీత చెరిగే చోట

స్క్వాట్‌ను కాళ్ల వ్యాయామం అంటాం గానీ కొత్తవాళ్ల స్క్వాట్ ఆగేది చాలాసార్లు కాళ్ల దగ్గర కాదు. కింద నుంచి లేచేటప్పుడు తుంటి ముందు లేచి, ఛాతీ నేల వైపు వాలిపోతే, ఓడిపోయింది వీపు. డెడ్‌లిఫ్ట్ 80, 90 దాటాక రాడ్ మోకాలి దగ్గర వేళ్లలోంచి జారితే, ఓడిపోయింది పిడికిలి. రెండు సందర్భాల్లోనూ కూర్చుని మోకాళ్లు చాచే లెగ్ ఎక్స్‌టెన్షన్ మెషీన్ ఎంత ఊపినా లాభం లేదు. వీపు కోసం వారానికి ఒకటి రెండుసార్లు, ముందుకు వంగి రాడ్‌ను పొట్ట వైపు లాగే బార్‌బెల్ రో చేయాలి. పిడికిలికి చేతులకు సుద్ద రాసుకోవడం, వార్మప్ సెట్లన్నీ రెండు అరచేతులూ లోపలికి ఉండేలా పట్టుకుని చేయడం, చివరి సెట్‌కు మాత్రమే ఒక చెయ్యి తిప్పి పట్టుకోవడం సరిపోతాయి. మొదటి నెలలోనే రాడ్‌ను మణికట్టుకు కట్టే స్ట్రాప్స్ వాడితే పిడికిలి ఎప్పటికీ వెనకే ఉండిపోతుంది.

స్నాచ్, క్లీన్ అండ్ జర్క్ నేర్చుకునేవాళ్లకు ఇది తలకిందులుగా ఎదురవుతుంది. అక్కడ చేతుల బలమే అడ్డం వస్తుంది. చేతులు బలంగా ఉన్న కుర్రాళ్లు రాడ్ మోకాలు దాటకముందే మోచేతులు వంచి లాగేస్తారు. మోచెయ్యి వంగిన క్షణం నుంచి తుంటి తోపు రాడ్‌కు పూర్తిగా అందదు. సిక్కోలు బిడ్డ కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో స్నాచ్ 110, క్లీన్ అండ్ జర్క్ 130, మొత్తం 240 కిలోలతో కాంస్యం గెలిచింది. ఒలింపిక్ పతకం తెచ్చిన తొలి భారతీయ మహిళ. ఆ 130 కిలోలు తలపైకి వెళ్లింది చేతుల తోపుతో కాదు. మోకాళ్లు కొద్దిగా వంచి ఒక్క ఉదుటున నిటారైన కాళ్లు పంపాయి. ఒళ్లు కిందికి దూరింది, చేతులు తాళం వేసినట్టు బిగుసుకుని పట్టాయి. జర్క్‌లో పైభాగానికి కావలసింది నెట్టే బలం కంటే నిలిపే బలం. కాబట్టి ప్రెస్ తక్కువగా ఉందని జర్క్ నేర్చుకోవడం వాయిదా వేయనక్కర్లేదు. ఖాళీ బార్‌ను తల మీద పట్టుకుని, మోచేతులు బిగించి 20 సెకన్లు వణుకు లేకుండా నిలబడగలిగితే మొదలుపెట్టవచ్చు.

మన పాత తాలింఖానాల్లో, అంటే వ్యాయామశాలల్లో, పుషప్ లాంటి దండీలు, కూర్చుని లేచే బస్కీలు పక్కపక్కనే సాగేవి. బస్కీల సంఖ్య సాధారణంగా దండీల కంటే ఎక్కువ. కాళ్లు ఎక్కువ మోస్తాయన్నది కాటా, ప్లేటు లేకుండానే తెలిసిన సంగతే. దండీల్లో ఒళ్లు ముందుకూ వెనక్కూ కదులుతుంది కాబట్టి బరువు మారుతూ ఉంటుంది. మామూలు పుషప్‌లో మాత్రం ఒంటి బరువులో దాదాపు మూడింట రెండొంతులు చేతుల మీద పడుతుంది. మోకాళ్లు ఆనిస్తే సగానికి కాస్త అటూ ఇటూ. 60 కిలోల మనిషి ఒక పుషప్ తీస్తే 40 కిలోలు నెట్టినట్టే. పుషప్ ఒక్కటీ రానివాళ్లు బెంచ్ మీద 40 కిలోలు వేసుకుంటే రాడ్ ఛాతీ మీద కూర్చుంటుంది. ఒంటరిగా బెంచ్ చేసేవాళ్లు క్లిప్‌లు పెట్టకుండా చేయడం మేలు, ఇరుక్కుంటే ఒక పక్కకు వంచి ప్లేట్లు జార్చేయవచ్చు.

వారం ఎలా పంచాలి

సోమ, బుధ, శుక్రవారాలు చాలు. ఒక రోజు స్క్వాట్, ఓవర్‌హెడ్ ప్రెస్, డెడ్‌లిఫ్ట్. రెండో రోజు స్క్వాట్, బెంచ్ ప్రెస్, రో. మూడో రోజు మళ్లీ మొదటిది. తర్వాతి వారం రెండోదానితో మొదలు. స్క్వాట్, ప్రెస్, బెంచ్ మూడు సెట్లు ఐదేసి. రో మూడు సెట్లు ఎనిమిదేసి. డెడ్‌లిఫ్ట్ ఒక్క సెట్ ఐదు, నడుము అలుపు మర్నాటికి కూడా వదలదు గనుక. ఛాతీకి సోమవారం, కాళ్లకు "వీలైతే శనివారం" అనే పంపకంలో ఆ శనివారం ఎప్పటికీ రాదని జిమ్‌కు వెళ్లేవాళ్లందరికీ తెలుసు.

వార్మప్ కూడా రెంటికీ ఒకేలా ఉండదు. 60 కిలోల స్క్వాట్‌కు ముందు ఖాళీ బార్‌తో రెండు సెట్లు, 40తో ఐదు, 50తో మూడు. 30 కిలోల ప్రెస్‌కు ఖాళీ బార్‌తో రెండు సెట్లు, 25తో మూడు చాలు. ప్రెస్‌కు అంతకంటే ఎక్కువ వార్మప్ చేస్తే అసలు సెట్లకు మిగిలేది తక్కువ.

మొదటి రెండు నెలల్లో బలం పెరిగినంతగా కండ పెరిగినట్టు కనిపించదు. అప్పటి పెంపులో ఎక్కువ వాటా నరాలది. ఉన్న కండరాన్నే మెదడు ఇంకా పూర్తిగా పిలవడం నేర్చుకుంటుంది. ఆ దశ అయిపోయాక చిన్న కండరాలున్న లిఫ్ట్ ముందు నెమ్మదిస్తుంది. అప్పుడు తిండి లెక్కలోకి వస్తుంది. ఒంటి బరువు కిలోకు రోజుకు 1.6 గ్రాముల ప్రొటీన్ అంటే 60 కిలోల మనిషికి 96 గ్రాములు. గుడ్డుకు 6 గ్రాములు. పప్పన్నం, పెరుగన్నంతో ఆ అంకె చేరడం కష్టం, మధ్యాహ్నం పళ్లెంలో అన్నం తగ్గించి చికెనో, చేపో, పనీరో, మీల్‌మేకరో పెంచాల్సిందే.

మొదటి వారం జాగ్రత్త మాత్రం కాళ్ల విషయంలోనే ఎక్కువ కావాలి, ఎందుకంటే అవి చేయగలిగినంత చేయనిస్తాయి. తొలిరోజు పంతానికి మూడొందల గుంజీళ్లు తీసినవాళ్లకు మూడు రోజులు మెట్లు దిగలేకపోవడం చిన్న శిక్ష. తొడలు వాచి, మూత్రం టీ డికాక్షన్ రంగుకు మారితే అది కండరం చితికి కిడ్నీల మీద పడుతున్న లక్షణం. విశ్రాంతితో సర్దుకుంటుందని ఇంట్లో కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. భుజాల విషయంలో హెచ్చరిక వేరు. కండలో మంట పరవాలేదు. చెయ్యి పక్క నుంచి పైకెత్తేటప్పుడు భుజం మొనలో గుచ్చినట్టుంటే, రాత్రి ఆ వైపు తిరిగి పడుకోలేకపోతే ప్రెస్ ఆపి, రో కొనసాగిస్తూ డాక్టరుకో ఫిజియోథెరపిస్టుకో చూపించాలి.

మూడు నెలలకోసారి నోట్‌బుక్‌లో నాలుగు అంకెలు పక్కపక్కన రాసి చూసుకోవచ్చు. పాత లిఫ్టర్లు మగవాళ్లకు చెప్పుకునే మోటు కొలత ప్రెస్ 60, బెంచ్ 100, స్క్వాట్ 140, డెడ్‌లిఫ్ట్ 180. కిలోలు వదిలేసి నిష్పత్తి తీసుకుంటే 3, 5, 7, 9. పొడుగు చేతులవాళ్లకు డెడ్‌లిఫ్ట్ కాస్త ఎక్కువ, బెంచ్ కాస్త తక్కువ వస్తుంది. ఆడవాళ్లకు మొదటి రెండూ ఇంకొంచెం తక్కువ. బెంచ్ స్క్వాట్‌ను దాటేసి ఉంటే కాళ్లు ఎగ్గొడుతున్నట్టు. ప్రెస్ బెంచ్‌లో సగానికి కూడా చేరకపోతే భుజం కదలిక, రాడ్ దారి చూసుకోవాలి. మొదట చెప్పిన కుర్రాడి 30, 50, 75, 90 ఈ కొలతకు దాదాపు సరిపోతున్నాయి. అతనికి కావలసింది భుజాలకు ప్రత్యేకంగా ఒక రోజు కాదు, అరకిలో ప్లేట్లు ఒక జత.